ఒంటికి కట్టిన సైకిల్

పొద్దున ఐదున్నరకు మల్లాపూర్ చౌరస్తాలో పాల ప్యాకెట్ల కోసం నిలబడితే కొత్త సైకిళ్లు నాచారం వైపు పోతూ కనబడతాయి. మెరిసే హెల్మెట్లు, వెనక ఎర్ర లైట్లు. నా చూపు మాత్రం ముందు మోకాళ్ల మీద పడుతుంది. పెడల్ పైకి వచ్చినప్పుడు మోకాలు కడుపు దాకా లేస్తోందా, కిందికి పోయినప్పుడు నడుము ఓ పక్కకు ఒరుగుతోందా, మోచేతులు కర్రల్లా బిగుసుకున్నాయా అని చూస్తాను. అలా బిగుసుకున్నవాళ్ల సైకిళ్లు కొన్నాళ్లకు బాల్కనీల్లో దుమ్ము పట్టి, వాటి మీద తువాళ్లు ఆరుతూ కనబడతాయి. అడిగితే “నాకంత ఓపిక లేదు అంకుల్” అంటారు. వాళ్ల ఓపికలో లోపం లేదు, ఆ సైకిల్‌ను వాళ్ల ఒంటికి ఎవరూ సరిచేసి ఇవ్వలేదు. ఆ సంగతి వాళ్లకు చెప్పేవాళ్లు లేకపోవడం నాకు బాధగా ఉంటుంది.

నేను 1978లో భువనగిరి దగ్గరి పల్లె నుంచి హైదరాబాద్ వచ్చి నాచారం పారిశ్రామికవాడలో టర్నర్‌గా చేరాను. 36 ఏళ్లు లేత్ మిషన్ మీద నిలబడ్డాను. ఆ 36 ఏళ్లూ డ్యూటీకి సైకిల్ మీదే పోయాను. మిల్లీమీటరులో వందో వంతు తేడా వస్తే జాబ్, అంటే చెక్కిన ముక్క, పక్కన పారేసే చోట పని నేర్చుకుని కూడా, నా ఒంటికి కుదరని సైకిల్‌ను పదకొండేళ్లు తొక్కాను. ఆ తర్వాత తెలిసినవి, కాలనీలో పిల్లల సైకిళ్లు సర్దుతూ నేర్చుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. నాకు గుర్తొచ్చిన వరసే దీని వరస.

1. ఇంకొకరి కొలత కొనకండి.

నేను సైకిల్ నేర్చుకున్నది కిరాయి సైకిల్ మీద. అడ్డకడ్డీ కింద నుంచి కాలు దూర్చి కైంచి తొక్కుడు. పెద్దవాళ్ల సైకిల్ మీద చిన్న ఒళ్లు ఎలాగోలా ఇమడాలి, అదే మా చదువు. ఉద్యోగం వచ్చాక సొంత సైకిల్ కొనబోతే దుకాణంలో 22 అంగుళాల ఫ్రేము, 24 అంగుళాల ఫ్రేము పక్కపక్కన పెట్టారు. రెండింటికీ 28 అంగుళాల చక్రాలే. ఇంగ్లండ్ రోడ్‌స్టర్ల నమూనాలో మన దేశంలో తయారైన సైకిళ్లవి. నా ఎత్తు ఐదడుగుల అయిదంగుళాలు. 22 కూడా నాకు కొంచెం ఎక్కువే. “మగోనివి, ఇరవై నాలుగు తీస్కో, నిండుగ ఉంటది” అన్నాడు దుకాణదారు. తీసుకున్నాను.

దాని మీద పెడల్ అందుకోవడానికి నడుము కుడికీ ఎడమకూ ఊగాల్సి వచ్చేది. తొడల సందున ఒరుసుకుపోయి కొబ్బరినూనె రాసుకుని పడుకునేవాణ్ని. సైకిల్ తొక్కడమంటే ఇంతే కాబోలు అనుకున్నాను. మా షాపులో ఒక పెద్ద టర్నర్ ఉండేవాడు. ఒకరోజు గేటు దగ్గర నన్ను ఆపి చెప్పిన మాట ఇంకా చెవిలో ఉంది. “మిషన్ మీద జాబ్ కట్టేటప్పుడు సెంటర్ సూస్తవు గదా. సైకిల్ మీద నిన్ను నువ్వు కట్టుకునేటప్పుడు సూడవా?” ఆ నెలలోనే దాన్ని అమ్మేసి చిన్న ఫ్రేముకు మారాను. తర్వాతి వారం డ్యూటీ నుంచి ఇంటికొచ్చి, ఏళ్ల తర్వాత మొదటిసారి నేల మీద చక్కాముక్కా వేసుకుని కూర్చుని అన్నం తిన్నాను.

2. కొనేటప్పుడు ఎత్తు కన్నా పొడవు చూడండి.

ఇది చాలామందికి తెలియదు. దుకాణంలో సీటు పైకీ కిందికీ జరిపి “చూడండి, సరిపోయింది” అంటారు. సీటు ఎత్తు ఏ సైకిల్ మీదైనా సరిపోయేట్టు కనబడుతుంది, ఎందుకంటే సీటు కడ్డీ జరుగుతుంది. ఫ్రేము పొడవు జరగదు. సీటు నుంచి హ్యాండిల్ దాకా ఉన్న దూరమే ఆ సైకిల్ మీదా కాదా అన్నది తేలుస్తుంది. కాబట్టి ముందు సీటు ఎత్తు సరిచేయించుకుని, తర్వాత హ్యాండిల్ పట్టుకుని చూడండి. మోచేతులు కొద్దిగా వంగి ఉండాలి, భుజాలు చెవుల దగ్గరికి ఎక్కకూడదు, తల తిప్పి వెనక బస్సును చూడగలగాలి.

ఎస్, ఎమ్, ఎల్ అని రాసి ఉండే సైజులను నమ్ముకోవద్దు. ఒక కంపెనీ ఎమ్ ఇంకో కంపెనీ ఎమ్ కాదు. హ్యాండిల్‌ను ఫ్రేముకు కలిపే స్టెమ్ ముక్కను 90 మిల్లీమీటర్లది తీసి 70ది వేస్తే రెండు సెంటీమీటర్లు దగ్గరవుతుంది, అంతవరకే దానితో అయ్యే పని. నాలుగు సెంటీమీటర్లు తేడా ఉంటే ఆ సైకిల్ మీది కాదు, డిస్కౌంటు ఎంతైనా సరే. అడ్డకడ్డీ మీదుగా రెండు కాళ్లు నేలకు ఆనించి నిలబడితే మధ్యలో రెండు మూడు సెంటీమీటర్ల సందు ఉండాలన్నది పాత పరీక్ష. అది ఇప్పటికీ పనికొస్తుంది, కానీ అదొక్కటే చాలదు.

3. కాలు కొలుచుకోవడానికి ఒక లావుపాటి పుస్తకం, ఒక పెన్సిల్ చాలు.

చెప్పులు లేకుండా గోడకు వీపు ఆనించి నిలబడండి. పాదాల మధ్య జానెడు ఎడం. గట్టి అట్ట పుస్తకాన్ని తొడల మధ్య పెట్టి, సీటు ఒత్తినట్టే పైకి గట్టిగా ఒత్తండి. పుస్తకం పై అంచు గోడను తాకిన చోట ఇంకొకరితో గీత పెట్టించండి. నేల నుంచి ఆ గీత దాకా కాలి కొలత. మూడుసార్లు కొలవండి. ఒకే కొలతను నమ్మే అలవాటు మా షాపులో ఎవరికీ ఉండేది కాదు.

నా కొలత 77 సెంటీమీటర్లు. దాన్ని 0.883తో గుణిస్తే 68. రెండు పెడల్ కడ్డీలూ కలిసే చోటి నడిబొడ్డు నుంచి సీటు పై అంచు దాకా ఉండాల్సిన దూరం అది. టూర్ డి ఫ్రాన్స్ మూడుసార్లు గెలిచిన అమెరికా రేసర్ గ్రెగ్ లెమాండ్ 1980లలో ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఇది. అంతకు ముందు 1967లో హామ్లే, థామస్ అనే పరిశోధకులు ఇంకో లెక్క చెప్పారు. కాలి కొలతకు 1.09 రెట్లు, కింద ఉన్న పెడల్ నుంచి సీటు పైదాకా. నాకు అది 83.9 అవుతుంది. మొదటి లెక్కకు 17 సెంటీమీటర్ల పెడల్ కడ్డీ కలిపితే 85. రెండు మంచి లెక్కల మధ్యే సెంటీమీటరు పైగా తేడా వచ్చింది చూడండి. లెక్క గల్లీ దాకా తీసుకెళ్తుంది, ఇంటి నంబరు మోకాలే చెప్పాలి.

అందుకే కొత్తవాళ్లు చిన్న అంకెతో మొదలుపెట్టి మెల్లగా పైకి రావడం మంచిది. పెడల్ కిందికి వెళ్లినప్పుడు మడమ పెట్టి చూస్తే కాలు నిటారుగా కావాలి. పాదం ముందు భాగం పెట్టినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. ఆ వంపు 25 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలంటారు. నిపుణులు కోణమానితో కొలుస్తారు. ఇంట్లో అయితే పక్క నుంచి ఫోన్‌లో వీడియో తీయించుకుంటే తెలిసిపోతుంది.

4. సీటు మీద కూర్చున్నప్పుడు రెండు పాదాలూ నేలకు ఆనితే ఆ సీటు కిందికి ఉన్నట్టే.

ఈ పాఠం నాకు మోకాలి నొప్పి నేర్పింది. 2014లో రిటైరయ్యాక మా అబ్బాయి గేర్ల సైకిల్ కొనిచ్చాడు. వయసు మీద పడింది కదా, పడిపోకూడదని సీటు బాగా దించి పెట్టుకున్నాను. మూడు నెలల్లో మోకాలి చిప్ప దగ్గర నొప్పి మొదలైంది. మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చింది. చూపించుకుంటే వయసు వల్ల అన్నారు, తొక్కడం మానేయమన్నారు. ఏడాది మానేశాను. ఆ ఏడాది నాకు చాలా పొడుగ్గా గడిచింది.

ఒకరోజు ఊరికే టేపు తీసుకుని సీటు కొలిచాను. 62 ఉంది, ఉండాల్సింది 68. సీటు అంత కిందికి ఉంటే ప్రతి తొక్కుడుకూ మోకాలు అవసరానికి మించి ముడుచుకుని, ఆ వంపులోనే బరువు నెట్టాలి. నిమిషానికి 60 సార్లు తొక్కినా గంటకు ఒక్కో మోకాలికి 3,600 సార్లు. ఐదేసి మిల్లీమీటర్ల చొప్పున పెంచుకుంటూ పోయాను. రెండు నెలల్లో మెట్లు మామూలుగా దిగాను.

నేను గుర్తుపెట్టుకున్నది ఇది. నొప్పి మోకాలి ముందు వైపు అయితే సీటు కిందికో, మరీ ముందుకో ఉండి ఉండవచ్చు. మోకాలి వెనక అయితే సీటు పైకో, మరీ వెనక్కో. తుంటి ఊగుతుంటే పైకి. నొప్పి వాపుతో వస్తే మాత్రం పానా పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి పోవాల్సిందే.

మరి సిగ్నల్ దగ్గర ఎలా ఆగాలి? హెచ్ఎంటీ నగర్ మలుపులో ఆటో ముందు టక్కున ఆగితే? ఈ భయంతోనే అందరూ సీటు దించుకుంటారు, ఆ భయం నిజమైనదే. దిగే పద్ధతి నేర్చుకోవాలి. బ్రేకు వేస్తూ ఒక పెడల్‌ను కిందికి తెచ్చి దాని మీద నిలబడండి, సీటు మీంచి ముందుకు జారండి, రెండో కాలు నేల మీద పెట్టండి. ఎక్కేటప్పుడు ఇదే తిరగేసి. ఖాళీ మైదానంలో పొద్దున అరగంట చేస్తే వారంలో అలవాటవుతుంది. మా పక్కింటి అమ్మాయికి నేర్పడానికి నాలుగు రోజులు పట్టింది, ఐదో రోజు ఆమె నాకంటే చక్కగా దిగింది.

5. చేతులు అందలేదని సీటు ముందుకు జరపకండి.

సీటు ముందుకూ వెనక్కూ జరిగేది కాళ్ల కోసం. పెడల్ కడ్డీలు నేలకు సమంగా ఉన్నప్పుడు ముందున్న మోకాలి చిప్ప కింద నుంచి మేస్త్రీ గుండు దారం వదిలితే అది పెడల్ ఇరుసు దగ్గర పడాలన్నది పాత వాడుక. దాన్ని శాస్త్రమని నేను అనను. కీత్ బాంట్రేగర్ అనే సైకిళ్ల రూపకర్త దానికి ఆధారం లేదని వాదిస్తూ ఒక వ్యాసమే రాశాడు. మొదలుపెట్టడానికి ఒక గుర్తు కావాలి కదా, అందుకు పనికొస్తుంది. హ్యాండిల్ దూరంగా ఉంటే స్టెమ్ మార్చండి. చేతుల కోసం సీటు కదిపితే మోకాలికి కొత్త కష్టం తెచ్చిపెట్టినట్టే.

6. తిమ్మిరిని ఓర్చుకోవద్దు.

దీని గురించి మాట్లాడటానికి మగవాళ్లూ ఆడవాళ్లూ అందరూ సిగ్గుపడతారు, అందుకే నొక్కి రాస్తున్నాను. కూర్చునే చోట మొద్దుబారినట్టు అనిపిస్తే అక్కడి నరాలూ రక్తనాళాలూ నలుగుతున్నాయని అర్థం. కొన్నాళ్లకు అలవాటైపోతుందిలే అని ఎవరైనా అంటే వినకండి. బరువు మోయాల్సింది పిరుదుల కింద ఉండే రెండు ఎముకలు. వాటి ఎడం ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, సామాన్యంగా ఆడవాళ్లకు కొంచెం ఎక్కువ. అట్టపెట్టె ముక్క ఒకటి గట్టి మెట్టు మీద పెట్టి, కాస్త ముందుకు వంగి రెండు నిమిషాలు కూర్చుని లేవండి. రెండు గుంటలు పడతాయి. ఆ గుంటల నడిబొడ్డుల మధ్య దూరానికి ఓ రెండు సెంటీమీటర్లు కలుపుకుని ఆ వెడల్పు ఉన్న సీటు వెతకండి.

దూదిలా మెత్తటి సీటు దుకాణంలో హాయిగా ఉంటుంది. గంట దాటాక ఎముకలు అందులో దిగబడి, మధ్యలో ఉబ్బిన మెత్త ఒత్తకూడని చోట ఒత్తుతుంది. సీటును రసమట్టంతో సమంగా పెట్టుకోండి. ముక్కు పైకి లేస్తే తిమ్మిరి, మరీ వంగితే ఒళ్లు ముందుకు జారి బరువంతా అరచేతుల మీద పడుతుంది.

7. పాదం ముందు భాగం పెడల్ ఇరుసు మీద ఉండాలి.

బొటనవేలి మూల ఎముక దగ్గర. మడమకు, పాదం నడుమకు పెడల్ పెట్టి తొక్కేవాళ్లకు పిక్క సరిగా పనిచేయదు. హవాయి చెప్పులతో ఇది కుదరదు, గట్టి అడుగు ఉన్న బూట్లు కావాలి. పొట్టివాళ్లకు ఇంకో మాట. చాలా సైకిళ్ల మీద పెడల్ కడ్డీ 170 మిల్లీమీటర్లు ఉంటుంది. ఐదడుగులవాళ్లకు 165 గానీ ఇంకా తక్కువ గానీ దొరికితే మోకాలు సుఖపడుతుంది.

కాళ్లు రెండూ ఒకే పొడవు ఉండాలని లేదు. మా షాపులో ఒక హెల్పర్‌కు చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు పొట్టిగా ఉండేది. మౌలాలి నుంచి నడిచి వచ్చేవాడు. సైకిల్ అతనికి కాదని ఇంట్లోవాళ్లూ అతనూ ఎప్పుడో తీర్మానించుకున్నారు. ఒక భోజనాల విరామంలో అతని రెండు కాళ్లూ కొలిచి, ఎడమ పెడల్ మీద చెక్క దిమ్మె ఒకటి బోల్టులతో బిగించాం, దాని పైన పాత టైరు ముక్క మేకులు కొట్టాం. మొదట చేసింది ఎత్తెక్కువై నడుము ఎగిరింది. చిత్రిక పట్టి కొంచెం కొంచెం తగ్గించాం. నాలుగోసారికి కుదిరింది. గేటు నుంచి కాంటా దాకా వెళ్లి తిరిగి వచ్చి, దిగకుండానే “ఇంకో సుట్టు కొట్టొస్త అన్నా” అన్నాడు. నేను లేత్ మీద చేసిన పనులు ఎన్నో మర్చిపోయాను, ఆ దిమ్మె కొలతలు మర్చిపోలేదు.

8. చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కితే హ్యాండిల్ వైపు చూడండి.

అరచేతి బయటి అంచున పోయే నరం ఒత్తుకుంటోందన్నమాట. మా కోడలికి ఇలాగే అయింది. ఉప్పల్ ఆఫీసుకు వెళ్లి వచ్చాక టీ కప్పు పట్టుకోలేకపోయేది. కొత్త గ్లౌజులు కొంది, తగ్గలేదు. చూస్తే బ్రేకు లీవర్లు పైకి తిరిగి ఉన్నాయి, వాటిని అందుకోవడానికి మణికట్టు వెనక్కి విరుచుకోవాల్సి వస్తోంది. లీవర్లను కిందికి తిప్పి, ముంజేయి, మణికట్టు ఒకే గీతలోకి తెచ్చాను. చిన్న చేతులవాళ్ల కోసం చాలా లీవర్ల దగ్గర ఓ చిన్న స్క్రూ ఉంటుంది, తిప్పితే లీవర్ వేళ్లకు దగ్గరవుతుంది. పైసా ఖర్చు లేదు.

9. ఒకసారికి ఒకటే మార్చండి. రాసిపెట్టండి.

సీటు, స్టెమ్, బూట్లు ఒకే రోజు మారిస్తే నొప్పి తగ్గినా ఎందుకు తగ్గిందో తెలియదు, పెరిగినా తెలియదు. ఐదు మిల్లీమీటర్లకు మించకుండా ఒక మార్పు, మూడు రోజుల తొక్కుడు, తర్వాతే రెండోది. నా దగ్గర రూళ్ల నోటుపుస్తకం ఉంది. తేదీ, ఏం మార్చాను, ఎంత, ఏ చోట ఎలా ఉంది, అంతే. సీటు కడ్డీ మీద ఎలక్ట్రీషియన్ టేపు ఒక చుట్టు చుట్టండి. సర్వీసింగ్‌కు ఇస్తే సీటు దించి మళ్లీ అందాజుగా పెట్టి ఇస్తారు, ఆ టేపు ఉంటే మన ఎత్తు మనకు దొరుకుతుంది. కడ్డీ మీద కనీస లోతు గీత ఒకటి చెక్కి ఉంటుంది. అది బయటికి కనబడేంత పైకి ఎప్పుడూ లాగొద్దు, కడ్డీ విరిగితే పెద్ద దెబ్బ తగులుతుంది.

టూర్ డి ఫ్రాన్స్ ఐదుసార్లు గెలిచిన బెల్జియం రేసర్ ఎడ్డీ మెర్క్స్ 1969 సెప్టెంబరులో బ్లువా ట్రాక్ మీద ఘోరంగా పడ్డాడు. ఆయన ముందు మోటారు బండి నడుపుతున్న మనిషి చనిపోయాడు. మెర్క్స్ నడుముకు అప్పుడు తగిలిన దెబ్బ చివరిదాకా వదల్లేదు. ఆ తర్వాత రేసు జరుగుతుండగానే పానా తీసి సీటు ఎత్తు మార్చుకునేవాడు. 1972లో మెక్సికో సిటీలో గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కి రికార్డు పెట్టిందీ ఆయనే. ఒకసారి కుదిరిన కొలత ఎప్పటికీ ఉంటుందనుకోవద్దని ఆయన్ను చూసి తెలుసుకున్నాను. ఒళ్లు మారుతుంది, దాని వెంట కొలతా మారుతుంది. అరవై దాటాక నా నడుము మునుపట్లా వంగడం లేదు, హ్యాండిల్‌ను మూడు సెంటీమీటర్లు లేపుకున్నాను.

10. పది కిలోమీటర్లకు కుదిరింది అరవైకి కుదరకపోవచ్చు.

దూరం పోయి చూస్తేనే అది తేలుతుంది. నగరానికి పడమటి వైపు 2023 అక్టోబరులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ తెరిచారు. బాగుంది. తూర్పు వాళ్లం మేం అక్కడికి పోవాలంటే ఊరంతా దాటాలి. మాకు హబ్సిగూడ, తార్నాక మీదుగా ఉస్మానియా యూనివర్సిటీ రోడ్లే దిక్కు. కొత్త కొలతను పరీక్షించడానికి అవి మంచి చోటు. చెట్లున్నాయి, కొద్దిపాటి ఎత్తుపల్లాలున్నాయి, పొద్దున బండ్లు తక్కువ. ఆర్ట్స్ కాలేజీ ముందు ఆగి నోటుపుస్తకం తీయొచ్చు.

ఉప్పల్ నుంచి వరంగల్ రోడ్డు మీద భువనగిరి గుట్ట దాకా పోయి వచ్చే పిల్లలు ఉన్నారు, రానూపోనూ 80 కిలోమీటర్ల దాకా. పదమూడున్నర గంటల్లో 200 కిలోమీటర్లు తొక్కే బ్రెవేలకు సిద్ధమయ్యేవాళ్లూ ఉన్నారు. అలాంటివాళ్లు నా టేపు దగ్గర ఆగిపోకుండా, కెమెరాలతో కోణాలు కొలిచి సర్దే ఫిట్టర్ల దగ్గరికి వెళ్లాలి. దానికి పెట్టే డబ్బు తేలికపాటి చక్రాలకు పెట్టే డబ్బు కన్నా ముందు పెట్టాల్సింది.

11. “పెరుగుతాడు కదా” అని పిల్లలకు పెద్ద సైకిల్ కొనకండి.

అలా కొన్న సైకిల్ మీద పిల్లవాడు భయం నేర్చుకుంటాడు. బ్రేకు అందదు, కాలు అందదు, రెండుసార్లు పడతాడు, మూడోసారి ఎక్కడు. ఇవాళ సరిపోయేది కొని, సీటు కడ్డీ లేపుకుంటూ వెళ్లి, ఇక లేవదు అన్న రోజున కాలనీలో ఇంకో పిల్లకు ఇచ్చేయండి.

మా ఇంట్లో తలుపు చట్రం మీద మనవడి ఎత్తు గీతలు ఉన్నాయి. వాటి పక్కనే కాలి కొలత గీతలు ఇంకో వరస ఉన్నాయి, నీలం పెన్సిల్‌తో. సంక్రాంతికి 59 ఉండేది. మొన్న ఆదివారం పుస్తకం పెట్టి కొలిస్తే 61 వచ్చింది. “తాతా, ఎంత లేపాలె?” అని టేపు పట్టుకుని పక్కనే కూర్చున్నాడు. లెక్క వాడితోనే చేయించాను. 18 మిల్లీమీటర్లు. బోల్టు నేను వదులు చేశాను, సీటు వాడే లాగాడు, కడ్డీకి కొత్త టేపు వాడే చుట్టాడు. ఎక్కి గల్లీ చివరి దాకా పోయాడు. నేను గేటు దగ్గర నిలబడి వాడి మోకాళ్లు చూస్తూ ఉన్నాను.